వేరు సంగతి

జూన్ 4, ఆదివారం

బాత్‌రూంలో నీళ్లు పోవడం లేదని జాలీ ఎత్తి చెయ్యి పెట్టాను. జుట్టులాంటిదేదో తగిలింది. ఈ ఇంట్లో అంత జుట్టు ఎవరికుంది? నా జడ ఉన్నా లేనట్టే, మా ఆయనకి లేనే లేదు. పట్టుకుని లాగితే వస్తూనే ఉంది, గుర్రం తోకలా, గోధుమరంగులో, జిగటగా. పారేయబోయి ఆగాను. అంత మంచి సరుకు చేతికొస్తే ఎవరైనా పారేస్తారా? కడిగి, మా ఆయన చొక్కా జేబులో సర్ది, కొస మాత్రం బయటికి వేలాడేలా పెట్టాను.

ఆయన చొక్కా తొడుక్కుని పెన్ను కోసం జేబులో వేళ్లు పెట్టాడు. ఫ్యాన్లు బాగుచేసే మనిషి, కరెంటు వైర్లని పళ్లతో ఒలిచే మనిషి, తోక చూసి మంచమెక్కాడు. "ఎలుక! ఎలుకే!"

మేడమీద నుంచి అక్క కేకేసింది. "ఏమైందే కోతీ?"

"ఏం లేదక్కా, నీ మరిదికి తోక మొలిచింది!"

నా తోడికోడలికి జోకు అర్థం కావాలంటే మధ్యాహ్నం అవ్వాలి. పొద్దున చెప్పినదానికి అన్నాలయ్యాక గిన్నెలు కడుగుతూ నవ్వుతుంది. ఒక్కతే నవ్వుకుంటుంది, భుజాలు ఊగిపోతాయి. ఇవాళా అంతే. "తోకేంటే!" అంటూ చేతిలో గిన్నె జారవిడిచింది. నేను చేసే వెధవ పనుల్లో సగం ఆ నవ్వు కోసమే.

మంచం దిగాక మా ఆయన ఆ తోకని వెలుతురులో పెట్టి చూశాడు. "ఎలుకా కాదు, ఏమీ కాదు. ఇది వేరు."

పెరట్లోకి వెళ్లి చూశాం. మేడమెట్లకీ మా వెనక గోడకీ మధ్య అక్క పెట్టిన రబ్బరు మొక్క. కుండీలో ఉన్నప్పుడు మోకాలెత్తుండేది. కుండీ పగిలితే, పడుంటుందిలే అని గోడ పక్కన నేలలో పెట్టింది. ఇప్పుడది మేడమీద వాళ్ల కిటికీలోకి తొంగి చూస్తోంది. దాని వేర్లు మణికట్టంత లావున నేల మీదే పాకి, గోడ దగ్గరికి రాగానే లోపలికి దూరాయి. సిమెంటు పలకలు పగిలి పైకి లేచాయి. గోడలో నా వేలు పట్టేంత చీలిక. ఇన్నాళ్లూ ఆ పక్కనే బట్టలారేస్తున్నాను, కళ్లు ఎక్కడ పెట్టుకున్నానో.

జూన్ 6, మంగళవారం

అక్క బజారుకెళ్లిన టైం చూసి మేస్త్రిని పిలిపించాం. చుట్టూ తిరిగాడు, గోడకి చెవి ఆనించాడు, డాక్టరులా మొహం పెట్టాడు.

"ఇది మొక్క కాదమ్మా, జాకీ. కింద నుంచి మీ ఇంటిని లేపుతోంది."

"మంచిదేగా, ఇంకో అంతస్తు వస్తుందేమో."

"వస్తుంది, మీ నెత్తి మీదికి."

నా మాటకి ఎదురు మాట చెప్పగలిగినవాళ్లంటే నాకు గౌరవం. టీ ఇచ్చాను.

గోడకీ చెట్టుకీ మధ్య నడుం లోతున తవ్వాలట. ఇటువైపు వచ్చిన వేర్లన్నీ కోసేసి, మళ్లీ రాకుండా నేలలోపలే కాంక్రీటుతో అడ్డుగోడ కట్టాలట. పైకేమీ కనపడదట. చెట్టు బతుకుతుందా అంటే చేతులు తిప్పాడు.

అతను వెళ్లాక మెట్ల కింద నిలబడి మాట్లాడుకున్నాం. మా ఆయన గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించిన గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది.

"వేరు సంగతి వదినకి అప్పుడే చెప్పకు. ముందు అడ్డుగోడ కట్టేద్దాం. కట్టేశాక ఏమంటుంది?"

"ఏమన్నా ఇంక ఆగలేం. ఇప్పటికే చీలిపోయింది."

చెప్పకపోవడానికి కారణం పోయినేటి తీగ గొడవ. అక్క ఇదే గోడకి ఒక తీగని పాకించింది. పచ్చగా బాగానే ఉండేది కానీ, చిన్న చిన్న కాళ్లతో సున్నాన్ని పట్టుకుని లోపలికి చెమ్మ తెచ్చేది. ఒకరోజు ఆవిడ లేనప్పుడు మా ఆయన పీకేశాడు. తీగతోపాటు గోడ పెచ్చులూ ఊడొచ్చాయి. అక్క ఒక్క మాటా అనలేదు. అనకుండా చాలా రోజులుంది. తిట్టేవాళ్లని నేను భరించగలను, ఇలాంటివాళ్లని భరించడం నా వల్ల కాదు.

వచ్చే వారం అక్క రెండు రోజులు వాళ్ల తమ్ముడి ఇంటికి వెళ్తుంది. ఆ రెండు రోజుల్లో పని కానిచ్చేద్దాం.

జూన్ 7, బుధవారం

అక్క కూరలో ఉప్పు వేయలేదు. అడిగితే "వేసుకో" అంది.

జూన్ 8, గురువారం

రాస్తుంటేనే నవ్వొస్తోంది, అక్షరాలు వంకరపోతున్నాయి.

మధ్యాహ్నం లాండ్రీలో పని ముగించుకుని వచ్చేసరికి అక్క కూరగాయలు తరుగుతోంది. తలెత్తకుండా అడిగింది.

"వేరు గురించి అనుకుంటున్నారటగా మీరిద్దరూ?"

తీగ గొడవ మళ్లీ మొదలైందిరా భగవంతుడా అనుకున్నాను.

"ఎవరు చెప్పారక్కా?"

"ఎవరూ చెప్పలేదు. బజారు నుంచి వస్తూ మెట్ల దగ్గర విన్నాను. నిజమేనా?"

"నిజమే. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"అడ్డుగోడ కూడానా?"

"అది తప్పదక్కా. ఎప్పుడో చేయాల్సింది. మొహమాటానికి పోయి ఇంతదాకా తెచ్చుకున్నాం."

"అంత ఇబ్బందిగా ఉందా?"

"ఉండదా మరి? పైకి ఏం తెలుస్తుంది? లోపల్లోపల పాకుతూ వచ్చి ఇల్లంతా పట్టేస్తుంటే ఎన్నాళ్లని ఊరుకుంటాం?"

కత్తి కింద పెట్టింది. తరిగిన ముక్కల్ని ఒక పక్కకి జరిపింది. "సరే. అయితే గిన్నెలు ఎలా పంచుకుందాం?"

గిన్నెలా? రబ్బరు చెట్టుకీ గిన్నెలకీ ఏం సంబంధం?

అప్పుడు వెలిగింది. చెట్టు వేరు కాదు! ఆవిడ వేరు పడటం అనుకుంటోంది! వేరు కాపురం, వంటింట్లో అడ్డుగోడ, మొత్తం నాటకం ఆవిడ తలలో నడిచిపోతోంది. మా పెళ్లయిన దగ్గర్నుంచి వాళ్లు పైన, మేం కింద, ఒకటే వంటిల్లు. ఇద్దరికీ పిల్లల్లేరు. వేరు పడి ఎవర్ని పెంచుతామట?

బాత్‌రూంలోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాను. పొట్ట చెక్కలైంది. మొహం కడుక్కుని, కోర్టు జడ్జీలా బయటికొచ్చాను.

"పెద్ద గిన్నె నువ్వే తీసుకో అక్కా. మూత మాత్రం మాకు ఉంచు."

"మూత లేకుండా నేనేం చేసుకోను?"

"గిన్నె లేకుండా మేమేం చేసుకుంటామో అదే."

దీంతోనైనా నవ్వుతుందనుకున్నాను. ఈవిడకి టైం పడుతుందిగా. సాయంత్రం దాకా చూశాను.

రేపు చెప్తాను.

జూన్ 9, శుక్రవారం

లాండ్రీలో ఇవాళ హోటలు దుప్పట్లు గుట్టలు గుట్టలుగా వచ్చాయి. ఆవిరికి మొహాలు ఉడికిపోయి అందరూ చిరాగ్గా ఉంటే, కాస్త తేలికవుతుందని ఈ సంగతి చెప్పాను. అక్క గొంతుతో "గిన్నెలు ఎలా పంచుకుందాం?" అంటే ఇస్త్రీ చేసే ఆవిడ దుప్పటి కాల్చుకునేంత పనైంది. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. ఈసారి మూత దగ్గర కాస్త పెంచాను.

ఇంటికొచ్చి వంటింటి మధ్యలో సుద్దముక్కతో గీత గీశాను. "అటు నీది, ఇటు నాది. కుళాయి మధ్యలో ఉంది, ఒక చుక్క నీకు, ఒక చుక్క నాకు."

అక్క ఆ గీత తొక్కలేదు. పొయ్యి ఇటువైపుందిగా, పెరటి తలుపు దాకా వెళ్లి చుట్టూ తిరిగి వచ్చింది. చూడ్డానికి భలే ఉంది.

మా ఆయనకి చెప్తే ముందు నవ్వాడు. తర్వాత "చెప్పెయ్. వదినకి ఇలాంటివి పడవు" అన్నాడు. ఆదివారం బావగారికి సెలవు, నలుగురం కలిసి తింటాం. అప్పుడైతే మజా. ఇంకెంత, మధ్యలో ఒక్క రోజేగా.

జూన్ 10, శనివారం

అక్క గిన్నెలన్నీ తోమి, తుడిచి, రెండు కుప్పలు పెట్టింది. నా కుప్పలో సొట్టలు లేనివి. తన కుప్పలో పిడి ఊడిన పెనం, మాడిన బాణలి. పెద్ద గిన్నె నా కుప్పలోనే ఉంది, మూతతో సహా.

"అది నీకన్నానుగా అక్కా."

"మీ ఆయనకి అందులో వండితేనే ఇష్టం."

చెప్పేద్దామని నోరు తెరిచాను. తుమ్ము వచ్చింది. తర్వాత మేస్త్రి ఫోను. తర్వాత అక్క మేడమీదికి వెళ్లిపోయింది. వీలు పడలేదు.

నిజంగానే వీలు పడలేదు.

జూన్ 11, ఆదివారం

అన్నాలకి కూర్చున్నాం. నేను ఒక పళ్లెం మీద పళ్లెం బోర్లించి తెచ్చి అక్క ముందు పెట్టాను.

"ఇదిగో, మీరందరూ అడుగుతున్న వేరు!" అని పై పళ్లెం ఎత్తాను. లోపల రబ్బరు చెట్టు వేరు ముక్క. దానికి రిబ్బను కూడా కట్టాను.

నేనే గబగబా చెప్పుకుపోయాను. జాలీ, తోక, మేస్త్రి, నేలలోపల కట్టే అడ్డుగోడ. మా ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు.

బావగారు ఎత్తిన ముద్ద దించేశారు. ఆయన గోదాములో తూకం దగ్గర పనిచేస్తారు. మాట కూడా తూచే బయటికి తీస్తారు. "నిన్న ఆఫీసులో ఊఁ అని సంతకం పెట్టేశానమ్మాయ్" అన్నారు.

వాళ్ల కంపెనీకి ఇంకో ఊళ్లో గోదాం ఉంది. అక్కడికి వెళ్తే పెద్ద పదవి, ఉండటానికి ఇల్లు. ఏటా అడుగుతున్నారు. అక్క కింది వంటిల్లు వదిలి రానంటుందని ఏటా వద్దనేవారు. శుక్రవారం పొద్దున అక్కే అందట, వెళ్దాం అని.

శుక్రవారం పొద్దున. గురువారం సాయంత్రం చెప్పి ఉంటే.

అక్క ఆ వేరు ముక్కని చేతిలోకి తీసుకుంది. రిబ్బను చూసింది. భుజాలు ఊగాయి. నవ్వింది! నిజం నవ్వే. హమ్మయ్య అనుకున్నాను. కళ్లు తుడుచుకుంటూ మామూలుగా అడిగింది.

"నేను ఇంకోలా అనుకున్నానని నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడేగా అక్కా, బావగారు చెప్తుంటే."

"మూత మాకుంచు అన్నావు."

నేను ఎత్తిన పళ్లెం పక్కన పెట్టాను.

"అప్పటికే నీకు తెలుసు" అంది. "కుళాయి తిప్పుకుని లోపల నవ్వావు. ఏడుస్తున్నావేమో అనుకున్నాను. ఇది కూడా నాలాగే బాధపడుతోంది, మొగుడి మాట కాదనలేక ఒప్పుకుందేమో అనుకున్నాను."

తన పళ్లెం తీసుకుని లేచింది. గీత దగ్గర ఆగి, కాలితో చెరిపేసి, దాటి వెళ్లింది.

జూన్ 12, సోమవారం

లాండ్రీలో అడిగారు, తర్వాత ఏమైంది, ఏమైంది అని. ఏం కాలేదన్నాను.

జూన్ 14, బుధవారం

భోజనాల వేళకి బావగారి గోదాముకి వెళ్లాను. ఇదివరకు ఎప్పుడూ వెళ్లలేదు. బస్తాల మధ్య ఇనపపలక మీద నిలబడి ఏదో తూకం చూస్తున్నారు. నన్ను చూసి కంగారుపడ్డారు.

"మీ అక్కకేమైనా..."

"అక్కకేం కాలేదు బావగారూ. మీరు ఆఫీసువాళ్లని ఇంకోసారి అడగండి. మాది పొరపాటు, సంతకం వెనక్కి తీసుకుంటామనండి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను, ఎవరివి పట్టుకోవాలో చూపించండి."

"అడిగానమ్మాయ్. సోమవారమే. ఇంకా పైకి పంపలేదు, కావాలంటే చింపేస్తాం అన్నారు."

"మరింకేం!" ఆ మాట గట్టిగానే అన్నట్టున్నాను, కూలీలు తిరిగి చూశారు.

"మీ అక్క వద్దంది."

బయట ఎండ. చెప్పులు ఎక్కడ విప్పానో మర్చిపోయి, గోదాం చుట్టూ ఉత్త కాళ్లతో తిరిగాను.

జూన్ 15, గురువారం

కోపం వస్తోంది. ఇంత చిన్నదానికి ఊరు వదిలి వెళ్తారా ఎవరైనా? జోకేశాను. నేను జోకులేస్తానని ఆవిడకి తెలియదా? పెళ్లయిన వారానికే ఆవిడ చక్కెర డబ్బాలో ఉప్పు పోశాను, అప్పుడు వెళ్లలేదే. పెద్ద పదవి కావాలనే ఉండుంటుంది, నన్ను అడ్డం పెట్టుకున్నారు.

పైన రాసిన కోపం ఆవిడ మీద కాదు.

జూన్ 17, శనివారం

మేస్త్రి వచ్చాడు. దాచి చేయాల్సిన పనేమీ లేదిప్పుడు. తవ్వుతున్నంతసేపూ అక్క మెట్ల మీద కూర్చుని చూసింది. మట్టి తీసేకొద్దీ వేర్లు బయటపడ్డాయి, గోడ కింద జడలా అల్లుకుపోయి. ఒక చోట పాత పైపుని చుట్టేసి నొక్కేశాయి, పైపు మీద వేలిముద్రల్లా గుంటలు.

మేస్త్రి రంపం పట్టుకుని అక్క వైపు చూశాడు. "పెద్దమ్మగారూ, కోయమంటారా? కోస్తే చెట్టు అటు వాలొచ్చు."

"చెట్టే కొట్టేయండి. గోడ కంటే చెట్టెక్కువా?" అంది అక్క.

నాకు మతిపోయింది. వెళ్లి ఆవిడ కింది మెట్టు మీద కూర్చున్నాను.

"నీకు ఆ చెట్టంటే ప్రాణం కదా అక్కా!"

"ఎవరన్నారు? కుండీ పగిలిందని పెట్టాను. ఒక్క మాట చెప్తే ఆ రోజే నేనే కొట్టించేదాన్ని."

"మరి తీగ పీకినప్పుడు అన్ని రోజులు మాట్లాడలేదే?"

"తీగ కోసమా?" నా వైపు తిరిగింది. ఆ గురువారం తర్వాత నన్ను సూటిగా చూడటం అదే మొదలు. "తీగ ఎవడిక్కావాలే! నాకు చెప్పకుండా పీకారు. నేనున్న ఇల్లేగా, నాకో మాట చెప్పాలనిపించలేదు ఇద్దరికీ. అప్పుడే అనుకున్నాను, కింద వాళ్లిద్దరూ ఒకటి, నేను వేరు అని. తప్పుగా అనుకున్నానేమో అని మళ్లీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అందుకే మెట్ల దగ్గర ఆ మాట వినగానే నమ్మేశాను. లేకపోతే ఎందుకు నమ్ముతాను?"

కింద రంపం ఆగింది, మళ్లీ మొదలైంది.

"గురువారమే చెప్పి ఉంటే ఉండేదానివా అక్కా?"

"ఉండేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నువ్వేం చేసినా కుళాయి తిప్పుకుని లోపల నవ్వుతున్నావేమో అని చూడాలి. ఈ వయసులో ఎన్నిసార్లని చూడను?"

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి, మేస్త్రికి మంచినీళ్లు ఇచ్చి, పైకి వెళ్లింది.

సాయంత్రానికి చెట్టు కింద పడింది. మేడమీది కిటికీ ఖాళీ అయింది. పాలు కారే మొదలు మాత్రం మిగిలింది.

జూన్ 20, మంగళవారం

అడ్డుగోడ పూర్తయింది. మేస్త్రి చెప్పినట్టే పైకేమీ కనపడదు.

జూన్ 22, గురువారం

అక్కతో మామూలుగానే ఉంటున్నాం. ఉప్పు సరిపోతోంది. "అది అందుకో, ఇది అందుకో" అంటోంది. నేను మాట్లాడితే వింటోంది. విన్నాక, నేను చెప్పింది అదేనా, ఇంకేమైనా ఉందా అన్నట్టు ఒక్క క్షణం ఆగుతోంది. ఆ ఒక్క క్షణం ఇదివరకు లేదు.

లాండ్రీలో ఇవాళ ఎవరిదో చొక్కా చేతులు రెండూ కలిపి కుట్టడానికి సూది తీశాను. అలవాటు. మళ్లీ పెట్టేశాను.

జూన్ 25, ఆదివారం

పొద్దున వ్యాను వచ్చింది. మా ఆయనా బావగారూ బీరువా దించుతూ మెట్ల దగ్గర ఇరుక్కున్నారు. "కొంచెం నీ వైపు", "ఇంకా నా వైపు ఎక్కడుందిరా" అని అన్నదమ్ములిద్దరూ అరుచుకుంటున్నారు. ఇంకోరోజైతే దానిమీద నేను నాలుగు విసిరేదాన్ని. అక్క కూడా ఆ నాలుగు కోసం చూసినట్టుంది, నా వైపు ఒకసారి తిరిగింది.

తన కుప్ప అట్టపెట్టెలో సర్దుకుంది, ఆ పిడి లేని పెనంతో సహా. నేను మంచివి పెడితే తీసి పక్కన పెట్టింది. పంతంగా కాదు, జాగ్రత్తగా, తుడిచి మరీ.

వ్యాను దగ్గర ఇద్దరమే మిగిలాం. చెప్పాలనుకున్నవి వారం నుంచీ లోపల వరసగా పేర్చుకున్నాను. పొరపాటైందనీ, చూస్తూ ఊరుకున్నాననీ, నీ బాధ కూడా నాకు ఆటైపోయిందనీ. ఒక్కటీ నోటికి రాలేదు. చెయ్యి పట్టుకుని, "వెళ్లొద్దక్కా. నాకోసం ఉండవా" అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. నుదురు, కళ్లు, పెదాల చివర్లు. ఎక్కడైనా నవ్వు దాక్కుందేమో అని ఒక్కో చోటా వెతికింది.

"ఇది కూడానా?" అంది.

"కాదక్కా, ఒట్టు, నిజంగా" అన్నాను.

ఎప్పుడూ ఆటపట్టించేముందు నేను అనేవి ఆ మాటలే, అదే గొంతుతో. అన్నాక నాకే వినపడింది. వేరే గొంతు నాకు లేదు.

చెయ్యి విడిపించుకోలేదు. ఒకసారి నొక్కి, తనే వదిలేసి, వ్యాను ఎక్కింది.